ఒక కోటు, ఒక గిన్నె: షికాగో చలికాలానికి ఏది కొనాలి, ఏది వండాలి

డిసెంబరు మొదటి వారంలో షికాగోలో సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకే పొద్దు గూకుతుంది. మధ్యాహ్నం కాఫీ తాగి, కప్పు కడిగి, మళ్లీ కుర్చీలో కూర్చునేసరికి కిటికీ అవతల పార్కింగు దీపాలు వెలిగి ఉంటాయి. మన లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరపడితే మర్నాడు పత్రికల్లో ఫొటో వేస్తారు. ఇక్కడ జనవరిలో సున్నా అంటే, ‘ఈ రోజు కాస్త నయం’ అనుకుంటూ కోటు జిప్పు సగం దించుకునే రోజు. 2019 జనవరి 30న ఒహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. సెల్సియస్‌లో చెప్పాలంటే దాదాపు మైనస్ 31. అలాంటి రోజులు అరుదు, వాటిని ఎలాగో దాటేస్తాం. మనిషిని నలిపేది నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా తెగకుండా సాగే బూడిదరంగు ఆకాశం.

ఈ ఊళ్లో పన్నెండు చలికాలాలు గడిపాక నాకు తేలింది ఇది. ఆ అయిదు నెలలూ బయటివాళ్ల కంటికి మీరంటే మీ కోటే. లోపల కట్టుకున్నది పోచంపల్లి పట్టయినా పాత టీషర్టయినా ఎవరికీ కనబడదు. ఇంట్లోవాళ్లకు సాయంత్రమంటే పొయ్యి మీద ఏం మరుగుతోందన్నదే. కాబట్టి డబ్బు కోటు మీద పెట్టండి, ఓపిక గిన్నె మీద పెట్టండి. మిగతావాటికి మిగిలింది చాలు. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నేనూ అంతే. మొదటి ఏడాది ఆరు స్వెట్టర్లు కొన్నాను, కోటు మాత్రం కంటికి నచ్చిందేదో తీసుకున్నాను. వంటకు వస్తే రోజూ మూడు రకాలు చేయాలని పట్టుబట్టి, వారం తిరగకుండానే అలసిపోయి, ఫ్రీజర్‌లోంచి పిజ్జా తీయడం మొదలుపెట్టాను.

ఉన్ని, డౌన్, సింథటిక్

దుకాణంలో మీ ముందు మూడు రకాలుంటాయి. హుందాగా నిలువునా జారే ఉన్ని ఓవర్‌కోటు ఒకటి. బాతుల రొమ్ము మీది మెత్తని నూగు నింపి అడ్డంగా అరలు అరలుగా కుట్టిన ఉబ్బు కోటు రెండోది, దాన్నే డౌన్ అంటారు. చూడటానికి అలాగే ఉండి, నూగు బదులు పాలియెస్టర్ పీచు నింపినది మూడోది.

అందంలో ఉన్ని కోటుకు సాటి లేదు. నా మొదటి కోటు అదే. తొడల దాకా వచ్చేది, నడుము దగ్గర చక్కగా ఒదిగేది. జనవరిలో ఒక ఉదయం నేపర్‌విల్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద రైలు కోసం పన్నెండు నిమిషాలు నిలబడ్డాను. గాలి బొత్తాల సందుల్లోంచి దూరి, వీపు దాకా పాకి, మోకాళ్ల మీదుగా దిగిపోయింది. రైలెక్కాక చేతివేళ్లు వంగక టికెట్టు ఫోనులో చూపించలేకపోయాను. ఇక్కడ ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే మోసపోతాం, గాలిని కలిపి లెక్క వేయాలి. సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్ ఉన్న రోజున గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే, ఒంటికి అది మైనస్ 28 లాగా తగులుతుంది. ఆ గాలిలో కప్పని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చని ఇక్కడి వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. ఉన్ని నేత వెచ్చదనం ఇస్తుంది గానీ, పైన పొర లేకపోతే గాలిని ఆపదు.

డౌన్ గాలిని ఆపుతుంది, బరువూ ఉండదు. దాని చీటీ మీద ‘ఫిల్ పవర్’ అని ఒక అంకె ఉంటుంది. ఒక ఔన్సు నూగు ఎన్ని ఘనపు అంగుళాల చోటు నింపుతుందో చెప్పే అంకె అది. ఊళ్లో తిరగడానికి 550 నుంచి 650 చాలు. 800 పైన ఉన్నవి కొండలెక్కేవాళ్లకు, లేదా డబ్బు ఎక్కువైనవాళ్లకు. అయితే అంకె ఎంత పెద్దదైనా లోపల నింపిన నూగు తక్కువైతే వెచ్చదనం రాదు. అందుకే కోటును రెండు అరచేతుల మధ్య నొక్కి వదిలి చూడండి. వెంటనే పొంగితే మంచిది. అరల మధ్య కుట్ల దగ్గర రెండు బట్టలూ ఒకదానికొకటి పల్చగా అంటుకుని తగిలితే, చలి ఆ గీతల వెంటే లోపలికి వస్తుందని లెక్క.

దాని బలహీనత తడి. నీరు పట్టిందంటే నూగు ఉండలు కట్టి, కోటు వేసుకుని లేనట్టే అవుతుంది. షికాగోలో జనవరి మంచు పొడిపొడిగా ఉంటుంది, దులుపుకుంటే పోతుంది. నవంబరులోనూ మార్చిలోనూ కురిసేది వాన, మంచు కలిసిన జావ. ఆ రెండు నెలల కోసం పైబట్ట నీటిని జార్చేదై ఉండాలి. దుకాణంలో అడగడానికి మొహమాటపడకండి.

సింథటిక్ తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది, ఇంట్లో ఉతుక్కోవచ్చు, ధర తక్కువ. పక్షి ఈకలు ఒంటి మీద వేసుకోవడం ఇష్టం లేనివాళ్లకు ఇదే దారి. మా ఇంటికి చలికాలంలో వచ్చిన అత్తగారు, లోపల ఏముందో తెలిశాక డౌన్ కోటును రెండు వేళ్లతో పట్టుకుని తిరిగి ఇచ్చేశారు. ఆవిడకు సింథటిక్ కొన్నాం, మూడు నెలలు హాయిగా తిరిగారు. చిక్కల్లా, అదే వెచ్చదనానికి బరువు ఎక్కువ. రోజూ వేసుకుంటే కొన్నేళ్లలో లోపలి పీచు అణిగి పల్చబడుతుంది.

నా తీర్పు ఇది. రైలు, బస్సు, నడక ఉన్నవాళ్లు ఒక్కటే కోటు కొనేటట్లయితే డౌన్ కొనండి. మోకాళ్ల దాకా రావాలి, టోపీ దానికే కుట్టి ఉండాలి, జిప్పు కింది నుంచి కూడా తెరుచుకోవాలి. కింది నుంచి తెరుచుకోకపోతే కారులో కూర్చున్నప్పుడు తొడల దగ్గర బిగిసి, రెండో ఏడు జిప్పు తెగుతుంది. ఇంటి గరాజులో కారెక్కి ఆఫీసు గరాజులో దిగేవాళ్లకు ఇంత హంగు అక్కర్లేదు, సింథటిక్ చాలు. ఉన్ని కోటు రెండోదిగా కొనుక్కోండి. మైనస్ 5 సెల్సియస్ దాకా, విందులకు, ఆఫీసు సమావేశాలకు దాని అందం వాడుకోండి. మీ సైజు దొరకడం ముఖ్యమైతే అక్టోబరులో కొనాలి, ధర ముఖ్యమైతే జనవరి చివర తగ్గింపులు వచ్చేదాకా ఆగాలి. రెండూ కావాలంటే దొరకవు.

పసిపిల్లలున్నవాళ్లకు ఒక మాట. కారు సీటులో పిల్లలను ఉబ్బు కోటుతో బెల్టు బిగించి కూర్చోబెట్టకూడదు. ప్రమాదం జరిగితే కోటు నొక్కుకుపోయి, బెల్టు వదులై, బిడ్డ జారిపోవచ్చు. కోటు తీసి, బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి. మన తల్లులు ఒడిలో పెట్టుకుని చీరకొంగు కప్పినట్టే అనుకోండి.

నలుపు తప్ప ఏదైనా

ఉదయం 7 గంటల రైలుకు ప్లాట్‌ఫారం మీద నిలబడితే కాకుల సభకు వచ్చినట్టుంటుంది. అందరివీ నల్ల కోట్లే. నలుపు అన్నిటి మీదికీ నప్పుతుందని, మాసినా తెలియదని కొంటారు. రెండో మాట ఇక్కడ చెల్లదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఎగిరి ప్రతి కారు పక్కలకూ పట్టి, ఎండి, తెల్లని పూతలా నిలుస్తుంది. తలుపు తీసి దిగేటప్పుడు తొడ తగిలిందా, నల్ల కోటు మీద సున్నం పూసినట్టు అడ్డగీత. తెలుపు, గోధుమ రంగులదీ ఇదే కథ, కాకపోతే అక్కడ బురద చారలు కనబడతాయి. ఉప్పునూ బురదనూ రెండింటినీ దాచేవి నడిమి రంగులు: కుంకుమ ఎరుపు, నెమలికంఠం నీలం, ఆవపొడి పసుపు, దానిమ్మ గింజ రంగు.

నాది ఆవపొడి పసుపు. కొన్న రోజున మా ఆయన పెదవి విప్పలేదు. వారం తర్వాత, గుడి పార్కింగులో నన్ను ఎక్కడి నుంచైనా పట్టేయవచ్చని ఒప్పుకున్నారు. ఇంకో ఉపయోగం ఉంది. సాయంత్రం 5 గంటలకే కటిక చీకటి పడే ఊళ్లో రోడ్డు దాటే మనిషి డ్రైవరు కంటికి ఆనాలి. నల్ల కోటు, నల్ల ప్యాంటు, నల్ల సంచి వేసుకుని దాటేవాళ్లను చూస్తే నాకే బ్రేకు మీద కాలు వణుకుతుంది.

రంగుకు అంత ఖర్చు వద్దనుకుంటే మెడ దగ్గర పెట్టండి. పోచంపల్లి ఇక్కత్ పట్టు దుపట్టాను రెండు మడతలు వేసి మెడకు చుట్టి, దాని మీద కోటు జిప్పు వేస్తే, కనబడేది జానెడే అయినా మొహం వెలుగుతుంది. లోపలివైపు పల్చని ఉన్ని మఫ్లరు ఒకటి ఉంటే మరీ మంచిది. ‘పష్మీనా’ పేరుతో పది డాలర్లకు అమ్మేది పష్మీనా కాదు, విస్కోసో యాక్రిలిక్కో అయి ఉంటుంది. అసలుది లద్దాఖ్‌లోని చాంగ్‌తాంగీ మేకల అడుగు నూగు, దాని పోగు 12 నుంచి 16 మైక్రాన్ల సన్నం. ఆ వెచ్చదనం వేరు, ధరా వేరు. పెళ్లికో పుట్టినరోజుకో బహుమతిగా వస్తే తీసుకోండి, మఫ్లరు అవసరానికి కొనకండి.

మన గొంగడి గురించి కూడా చెప్పాలి. దక్కనీ గొర్రెల ఉన్నితో తెలంగాణలో నేసే ఆ నల్ల కంబళి మెడకు పనికిరాదు, గుచ్చుకుంటుంది. సోఫా మీద కాళ్లకు కప్పుకోవడానికి మాత్రం ఇక్కడ దొరికే ఏ మెత్తని పాలియెస్టర్ దుప్పటీ దానికి సాటి రాదు. పాలియెస్టర్‌ది పైపై వేడి. గొంగడి మొదట బరువుగా, గరుకుగా ఉండి, పది నిమిషాల తర్వాత నిద్ర పుచ్చుతుంది. సూట్‌కేసులో అయిదు కిలోలు ఖాళీ ఉన్న ఏడు తెచ్చుకోండి.

రంగు ఉత్సాహాన్ని ఇస్తుంది గానీ అది మందు కాదు. పగలు కురచబడ్డ నెలల్లో ప్రతి ఏటా మనసు కుంగిపోవడాన్ని వైద్యులు 1984 నుంచి ఒక రుగ్మతగానే గుర్తిస్తున్నారు. దానికి 10,000 లక్స్ కాంతినిచ్చే దీపం ముందు ఉదయం అరగంట కూర్చునే చికిత్స కూడా ఉంది. దిగులు వారాల తరబడి వదలకపోతే కోటు దుకాణానికి కాదు, డాక్టరు దగ్గరకు వెళ్లండి.

చీర కింద ఏం వేసుకోవాలి

ఒంటికి అంటి ఉండేలా లోపల వేసుకునే థర్మల్స్‌లో కాటన్ వద్దు. మనకు కాటన్ మీద మమకారం ఎక్కువ, నాకూ ఉంది, కానీ చెమట పీల్చుకుని ఆరదు. రైలు కోసం పరిగెత్తి ఆగారంటే ఆ తడే చలిగా మారుతుంది. పాలియెస్టర్ త్వరగా ఆరుతుంది, చవక, రెండో రోజుకు వాసన వేస్తుంది. మెరీనో గొర్రెల ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు, వాసన పట్టదు, గుచ్చుకోదు. మెరీనో రెండు జతలు కొంటే వారం గడుస్తుంది, పాలియెస్టర్ అయితే అయిదు కావాలి. లెక్క చూస్తే ఖర్చు ఇంచుమించు సమానం. వేడినీళ్లలో ఉతికి, డ్రయ్యర్‌లో వేస్తే మాత్రం మెరీనో పసిపిల్లల సైజుకు వస్తుంది. నా మొదటిది అలాగే మా అమ్మాయికి చేరింది.

సంక్రాంతి ఇక్కడి చలి నడిబొడ్డులో వస్తుంది. గుడికి చీర కట్టుకోవాలా, సల్వార్‌తో సరిపెట్టాలా అన్న తర్జనభర్జన ప్రతి ఇంట్లోనూ ఉండేదే. నేను చీరే అంటాను. లంగా కింద మెరీనో లెగ్గింగ్స్, మోచేతుల దాకా చేతులున్న రవిక, పట్టు చీర. పట్టు తనంతట తాను వెచ్చగానే ఉంటుంది, మంగళగిరి కాటన్‌ను ఉగాదికి దాచుకోండి. అసలు ప్రమాదం కుచ్చిళ్లకు. ఉప్పు కలిసిన మంచుజావ జరీ అంచుకు తగిలితే నల్లబడుతుంది. పార్కింగు నుంచి గుడి తలుపు దాకా కుచ్చిళ్లను ఎత్తి నడుము దగ్గర దోపుకుని, పైన పొడవాటి కోటు వేసుకుని నడవండి. చూసేవాళ్లకు పొలంలో నాట్లకు దిగినట్టు కనిపించవచ్చు. కనిపించనివ్వండి. పంచె కట్టుకునే మగవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. తెల్ల పంచె కింద నల్ల లెగ్గింగ్స్ మాత్రం వద్దు, దీపాల వెలుగులో అంతా తెలిసిపోతుంది.

బూట్ల దగ్గర మనకొక ప్రత్యేకమైన చిక్కు ఉంది, దుకాణంవాళ్లకు అది తెలియదు. మనం ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో విప్పాలి, అరోరాలో వేంకటేశ్వరుడి గుడికి వెళ్లినా విప్పాలి. పిల్లను ఒక చేత్తో, ప్రసాదం డబ్బాను ఇంకో చేత్తో పట్టుకుని తాళ్ల బూట్లు విప్పడం యోగాసనమే. తాళ్లున్నవి కాలికి పట్టు ఎక్కువ ఇస్తాయి, మంచులో ఎక్కువ దూరం నడిచేవాళ్లకు అవే మంచివి. మిగతావాళ్లు పక్కన జిప్పున్నవి తీసుకోండి. పూర్తిగా జిప్పు లేకుండా తొడుక్కునేవి సుఖమే గానీ, మంచు మడమ దగ్గరి నుంచి లోపలికి జారుతుంది. సంచిలో ఒక జత ఎండు మేజోళ్లు ఉంచుకోండి. చెప్పుల అరల ముందు కరిగిన మంచునీటి మడుగులో కాలు పెట్టకుండా లోపలికి వెళ్లినవాళ్లను నేనింకా చూడలేదు. ఇంటికి వచ్చాక బూట్ల మీద తేలిన తెల్లని ఉప్పు గీతలను సగం వెనిగర్, సగం నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిస్తే తోలు పగలదు.

మూడు చారులు

ఇంటికి వచ్చేసరికి చీకటి. కోటు విప్పాక రెండు నిమిషాలు ఏమీ చేయబుద్ధి కాదు. ఆ రెండు నిమిషాల్లోనే పిజ్జాయా, పొయ్యా అన్నది తేలిపోతుంది. అందుకే చలికాలపు వంట ఎంచుకునేటప్పుడు రుచికన్నా ముందు చూడవలసింది, చేయి మొదలుపెట్టడానికి ఎంత మారాం చేస్తుందన్నది.

ఆ పరీక్షలో మిరియాల చారు అన్నిటికన్నా ముందుంటుంది. కూరగాయ తరగాల్సిన పని లేదు, పప్పు ఉడకాల్సిన పని లేదు. నలుగురికి నిమ్మకాయంత చింతపండు, ముప్పావు లీటరు నీళ్లు. ఒక చెంచా మిరియాలు, ఒక చెంచా జీలకర్ర, ఆరు వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో వేస్తే మెత్తటి పొడి అయి చారు బురదగా మారుతుంది, పలుకు మిగలాలి. చింతపండు రసం పచ్చివాసన పోయేదాకా పసుపు, ఉప్పు, కరివేపాకుతో మరిగించి, దంచిన ముద్ద చివర్లో వేయండి. అక్కడి నుంచి పొయ్యి దగ్గరే ఉండాలి. గిన్నె అంచు చుట్టూ చిన్న నురగ మొదలై, ఉంగరంలా మధ్యకు జరుగుతూ వస్తుంది. ఆ ఉంగరం మూసుకోగానే దించేయాలి. తెర్లనిస్తే మిరియం ఘాటు పోయి చేదు మిగులుతుంది. నేతిలో ఆవాలు, ఎండుమిరప, ఇంగువ పోపు పెట్టి, వెంటనే మూత. అన్నంలోకి ముందు ఒక గ్లాసులో పోసుకుని తాగండి. కళ్లద్దాలు ఆవిరితో మసకబారితే చారు కుదిరినట్టే. మొత్తం ఇరవై నిమిషాలు.

పప్పుచారుకు నలభై నిమిషాలు, తరిగే పని అదనం. ఇక్కడ చలికాలంలో మంచి సొరకాయ దొరకదు, దొరికినా బెండులా ఉంటుంది. ముల్లంగి బాగుంటుంది. మునక్కాడలు ఫ్రీజర్‌వే కొనండి, చారులో వేశాక తాజావాటికీ వాటికీ తేడా చెప్పడం కష్టం. పిల్లలు తింటారు, మర్నాడు ఇంకా బాగుంటుంది. పిల్లలున్న ఇంటికి వారంలో రెండు రోజులు ఇదే సరి. పెద్దలిద్దరే ఉంటే ఇంత పని అక్కర్లేదు.

ఉలవచారు శనివారపు పని. మా అమ్మమ్మ ఇంట్లో అది విడిగా వండినట్టు నాకు గుర్తు లేదు. ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టేవాళ్లు, గింజలు ఎడ్లకు, నీళ్లు మనుషులకు. ఇప్పుడు ఎడ్లు లేవు కాబట్టి గింజలు మనమే గుగ్గిళ్లుగా తాలింపు వేసుకుని తింటాం. పావు కిలో ఉలవలు ముందురోజు రాత్రి నానబెట్టి, రెండు లీటర్ల నీళ్లలో మెత్తగా ఉడికించి, నీళ్లు వడకట్టి, గుప్పెడు గింజలు రుబ్బి ఆ నీళ్లలోనే కలిపి, చింతపండు పులుసుతో మూడో వంతు అయ్యేదాకా సన్నమంట మీద మరగనివ్వాలి. గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరే నేను దీన్ని ఎంచుకోవడానికి కారణం. హీటరు వేసిన ఇంట్లో గాలి ఎండిపోయి, పెదవులు పగిలి, తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కున షాకు కొడుతుంది. ఉలవచారు మరిగే సాయంత్రం వంటగది కిటికీ చెమ్మగిల్లి, ఇల్లంతా మట్టివాసన లాంటి ఒక పాత కమ్మదనం పరుచుకుంటుంది. వేడన్నంలో పోసుకుని పైన మీగడ వేయాలి. ఇక్కడ మీగడ కట్టదు, చిలకని క్రీము రెండు చెంచాలు వేస్తే పని జరుగుతుంది. ఫ్రిజ్‌లో ఒక చిన్న డబ్బా, ఫ్రీజర్‌లో రెండు డబ్బాలు వేసుకోండి. సీసాలో దొరికే ఉలవచారు అత్యవసరానికి బాగానే ఉంటుంది, ఉప్పు మాత్రం ముందే చూసుకుని అన్నం కలుపుకోండి.

గోంగూరా, క్రాన్‌బెర్రీనా

చలికాలంలో నాలుక పులుపు అడుగుతుంది. తాజా గోంగూర జనవరిలో ఎప్పుడో ఒకసారి కట్ట వస్తుంది, వాడిపోయి, ధర మండిపోతూ. ఫ్రీజర్ గోంగూర పప్పులోకి ఫర్వాలేదు, పచ్చడికి పనికిరాదు. నీరు వదిలి, పీచు తేలి, పులుపు నీరసంగా ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి జాడీ ఉంటే అదృష్టమే.

పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో అమెరికా మొత్తం మీద పండే క్రాన్‌బెర్రీల్లో సగానికి పైగా పండుతాయి. అక్టోబరు నుంచి క్రిస్మస్ దాకా ఈ పుల్లని చిన్న ఎర్ర పండ్లు ప్రతి దుకాణంలో సంచుల కొద్దీ ఉంటాయి. ఇక్కడివాళ్లు వాటిలో చక్కెర పోసి టర్కీ కోడి పక్కన పెట్టుకుంటారు. మనం పప్పులో వేస్తాం. కప్పు కందిపప్పుకు ముప్పావు కప్పు పండ్లు చాలు. పప్పు పూర్తిగా ఉడికాకే వేయాలి, ముందే వేస్తే ఆ పులుపుకు పప్పు మెత్తబడదు. పచ్చిమిరప నాలుగు, కారం కొంచెం, బెల్లం చిటికెడు. మూత పెట్టి వింటే పండ్లు ఒక్కొక్కటే టప్పుమని పేలడం వినబడుతుంది. మూత తీస్తే పసుపు పప్పులో ఎర్రటి మరకలు పాకి ఉంటాయి. బయట బూడిద రంగు తప్ప మరేదీ లేని రోజున, కంచంలో ఆ రంగు చూడటమే ఒక సుఖం.

ఇది గోంగూరకు సమానమా అంటే కాదు. గోంగూర పులుపు నోటిని పట్టుకుని వదలదు, క్రాన్‌బెర్రీ పులుపు వచ్చి వెళ్లిపోతుంది, చివర్న కాస్త వగరు, చేదు మిగులుతాయి. పప్పుకూ పులిహోరకూ క్రాన్‌బెర్రీ, పచ్చడికి గోంగూర, ఇదీ నా పంపకం. క్రిస్మస్ దాటాక అవి మాయమవుతాయి. డిసెంబరులోనే నాలుగు సంచులు కొని, కడగకుండా సంచులతోనే ఫ్రీజర్‌లో పడేయండి.

కుక్కరు, ఇన్‌స్టంట్ పాట్, దోసెల పిండి

మన కుక్కరు లోపల దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది, ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కరు అంతకు కొన్ని డిగ్రీలు తక్కువ. కాబట్టి పప్పు కుక్కరులోనే ముందు ఉడుకుతుంది. కానీ ఇన్‌స్టంట్ పాట్‌కు విజిల్ లెక్కపెట్టే మనిషి అక్కర్లేదు, మీరు బయట మంచు తోడుకుంటుంటే అది తన పని చేసుకుంటుంది. ఇంట్లో ఒకటే ఉండాలంటే నేను ఇన్‌స్టంట్ పాట్ అంటాను, అదీ ఉలవల కోసం. గంటల తరబడి సన్నని వేడి మీద వండే స్లో కుక్కరు మన వంటకు అంతగా కలిసిరాదు. రాజ్మా అయితే అందులో నేరుగా వేయనే కూడదు. తగినంత వేడి అందక, గింజలోని విషపదార్థం విరగకుండా ఉండిపోయి కడుపు పాడుచేస్తుంది. అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లించాకే ఏ పాత్రలోకైనా వేయండి.

దోసెల పిండి 20 డిగ్రీల ఇంట్లో రాత్రంతా ఉంచినా ఉలకదు. రెండు మార్గాలున్నాయి. అవెన్‌ను వేడి చేయకుండా లోపలి దీపం ఒక్కటి వేసి పిండి గిన్నె పెట్టడం ఒకటి, ఇన్‌స్టంట్ పాట్‌లో పెరుగు మీట నొక్కడం ఇంకోటి. రెండోది త్వరగా పని చేస్తుంది, కాస్త ఏమరితే అడుగున పిండి ఉడుకు పట్టి వాసన మారుతుంది. దీపం పద్ధతి నెమ్మది, నమ్మకం. అవెన్ తలుపు మీద ‘లోపల పిండి ఉంది’ అని చీటీ అంటించడం మరవకండి. ఎందుకో చెప్పను, ఆ రోజు పాడైనది పిండి ఒక్కటే కాదు, నా పెద్ద స్టీలు గిన్నె మూత ప్లాస్టిక్ పిడి కూడా.

పోపు వాసన

ఇన్ని చెప్పాక, కోటుకూ గిన్నెకూ ఉన్న గొడవ మిగిలింది. అపార్టుమెంట్లలో వంటగదికి గోడ ఉండదు, గుమ్మం పక్కనే కోట్ల కొక్కేలు. కిటికీలు తెరవలేని నెలల్లో ఇంగువ, ఎండుమిరప పోపు పొగ తిన్నగా వెళ్లి కోట్ల మీద వాలుతుంది. ఉన్ని దాన్ని వారం రోజులు పట్టుకుంటుంది, టోపీ అంచు బొచ్చు అంతకన్నా ఎక్కువ. డౌన్, సింథటిక్ కోట్ల జారుడు పైబట్టకు కాస్త తక్కువ పడుతుంది. ఇది కూడా కోటు ఎంచుకోవడంలో ఒక లెక్కే, ఎవరూ చెప్పరు. ఇంటికి రాగానే కోటును పడకగది అలమరలో పెట్టి తలుపు వేయండి, ఆ తర్వాతే పోపు గరిటె పొయ్యి మీద పెట్టండి. ఫ్యాను ముందే వేసి, పోపును చిన్న మూకుడులో పెట్టి, చారులో గుమ్మరించగానే మూత వేస్తే వాసనా తగ్గుతుంది, స్మోక్ అలారమూ మోగదు. తడిసిన కోటు అయితే ముందు ఆరనివ్వాలి, మూసిన అలమరలో ముక్కిపోతుంది.

ఏప్రిల్‌లో రెండు వెచ్చని రోజులు రాగానే కోటు ఉతికి దాచేయాలనిపిస్తుంది. ఏప్రిల్ చివర్లో కూడా మంచు కురిసిన ఏళ్లున్నాయి, మే దాకా ఆగండి. ఉతికేటప్పుడు మెత్తని సబ్బునీరు, చల్లని నీళ్లు. డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద మూడు టెన్నిస్ బంతులతో పాటు తిప్పితే, ఉండకట్టిన నూగు విడివడి మళ్లీ పొంగుతుంది. రెండు మూడు గంటలు పడుతుంది, ఇల్లంతా ఎవరో మద్దెల నేర్చుకుంటున్నట్టు మోత. మా ఇంట్లో ఆ రోజున ఫ్రీజర్‌లోంచి ఆఖరి క్రాన్‌బెర్రీ సంచి బయటకు వస్తుంది.